మన ఊరి మాటను దాచేదానికి ఏ హార్డ్ డిస్క్ కొనాల?

ధర్మపురి, పాలక్కోడు, పెన్నాగరం, పాప్పిరెడ్డిపట్టి చుట్టుపక్కల తెలుగు మాట్లాడే పెద్దవాళ్ల గొంతులను రికార్డు చేసే పని ఇప్పుడు మనలో కొందరు మొదలుపెట్టినారు. మంచి పని. అయితే నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న భాష గురించి కాదు, పెట్టె గురించి. "సార్, ఎన్ని టీబీ హార్డ్ డిస్క్ కొనాల? ఎస్‌ఎస్‌డీనా, మామూలుదా? ఏ కంపెనీది?" ఒక్కొక్కరికి విడివిడిగా ఫోనులో చెప్పేదానికన్నా అంతా ఒకచోట రాసిపెడితే మేలని ఈ వ్యాసం.

నేను ఇంజనీరును కాను. బీకాం చదివి, బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. కానీ ఒక వస్తువును పదేళ్లో ఇరవయ్యేళ్లో పోగొట్టకుండా ఎట్లా దాచాల, లెక్క ఎట్లా చూసుకోవాల అనేది మా ఉద్యోగంలో దినమూ చేసిన పనే. హార్డ్ డిస్క్ విషయానికీ ఆ బుద్ధే సరిపోతుంది.

మనకు గొంతే దస్తావేజు

ఆంధ్రలో, తెలంగాణలో ఒక ముసలాయన మాట రికార్డు కాకపోయినా అక్కడ పుస్తకముంది, పేపరుంది, బడి ఉంది. మన సంగతి వేరు. ధర్మపురి జిల్లాలో తెలుగు ఇంట్లో ఉండాది, పొలంలో ఉండాది, పెండ్లి పందిట్లో ఉండాది. కాగితం మీద లేదు. మన పిల్లలు "యాడికి పోతాండావు జేజీ?" అని చక్కగా అడుగుతారు. అదే మాట తెలుగు అక్షరాల్లో రాసి చూపిస్తే చదవలేరు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టంతో ఒకటో తరగతి నుంచి ఏటేటా తమిళం తప్పనిసరి సబ్జెక్టు అవుతూ, 2015-16 నాటికి పదో తరగతి దాకా వచ్చింది. తమిళం నేర్చుకోవడం మనకు కావలసిందే, అందులో రెండో మాట లేదు. కానీ తెలుగు లిపి చేతిలో లేని తరం ఒకటి తయారైంది అనేది కూడా నిజం. అట్లాంటి చోట భాషకు మిగిలే దస్తావేజు గొంతే. ఆ రికార్డింగు పోతే దాని వెనక ఇంకో పత్రం ఏదీ లేదు.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యంలో వచ్చిన మాండలిక వృత్తిపదకోశం గురించి మనలో చాలామందికి తెలుసు. మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ అచ్చు వేసింది. అది గొప్ప పని. కానీ ఆ సేకరణ ఆంధ్రప్రదేశ్ జిల్లాలది. మన కపిల బావి మాటలు, మోకు, బాన, గిలక, తొండం, మన పక్క ఎట్లా పలికినారో చెప్పే కోశం ఏదీ నా చేతికి రాలేదు. పంపుసెట్లు వచ్చినాక కపిల పోయింది. కపిల తోలినవాళ్లలో ఇప్పుడు మిగిలినవాళ్లకు ఎనభై దాటింది. కాబట్టి ఇది నిదానంగా చేసుకునే పని కాదు. చేసినదాన్ని పోగొట్టుకునే హక్కు కూడా మనకు లేదు.

వందేళ్ల నాటి రికార్డులు ఎట్లా మిగిలినాయి?

జార్జ్ గ్రియర్సన్ నడిపిన భారతీయ భాషా సర్వే పేరు వినే ఉంటారు. ఆ సర్వే పుస్తకాలతో పాటు 1913 నుంచి 1929 వరకు గ్రామఫోను రికార్డులు కూడా చేయించినారు. మద్రాసు ప్రెసిడెన్సీ భాషలు కూడా వాటిలో ఉన్నాయి. ఆ లక్క పళ్లాలు ఇప్పుడు డిజిటల్ రూపంలో షికాగో విశ్వవిద్యాలయం వాళ్ల దక్షిణాసియా డిజిటల్ లైబ్రరీలో వినవచ్చు.

ఆ పళ్లాలు కింద పడితే పగిలిపోయే సరుకు. అయినా ఎందుకు మిగిలినాయి? ఒక్కొక్క రికార్డుకు పలు ప్రతులు చేసి, వేర్వేరు సంస్థలకు ఇచ్చి దాచినారు. ఒకచోట పోయినా ఇంకోచోట ఉండేటట్టు చూసినారు. పళ్లెం గట్టిది కావడం వల్ల కాదు, ప్రతులు పలుచోట్ల ఉండడం వల్ల మిగిలినాయి. ఈ వ్యాసంలో మిగతాదంతా మరిచిపోయినా ఈ ఒక్కటి గుర్తుంటే చాలు.

ముందు లెక్క: ఎంత చోటు కావాల?

అంగడికి పోయేముందు లెక్క వేసుకోవాల. ధ్వనికి పట్టే చోటుకు సూత్రం సులభం. సెకనుకు ఎన్ని నమూనాలు, ఒక్కొక్క నమూనాకు ఎన్ని బిట్లు, ఎన్ని చానళ్లు, ఈ మూడింటినీ గుణించి, ఎనిమిదితో భాగిస్తే సెకనుకు ఎన్ని బైట్లో వస్తుంది.

మాట రికార్డు చేయడానికి 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ మంచి కొలత. శబ్ద భాండాగారాల అంతర్జాతీయ సంఘం పాత టేపులను డిజిటల్ చేసేదానికి కనీసంగా చెప్పేది కూడా ఇదే.

ఒక మైకు అంటే ఒక చానల్ అయితే: 48,000 × 24 ÷ 8 = సెకనుకు 1,44,000 బైట్లు. గంటకు సుమారు 518 ఎంబీ.
రెండు చానళ్లయితే: గంటకు సుమారు 1.04 జీబీ.
పాత క్యాసెట్లను 96 కిలోహెర్ట్జ్, 24 బిట్, రెండు చానళ్లలో ఎక్కిస్తే: గంటకు సుమారు 2.07 జీబీ. అంటే ఒక 90 నిమిషాల క్యాసెట్‌కు 3.1 జీబీ.

ఇప్పుడు మన పనికి అంచనా వేద్దాం. నలభైమంది పెద్దవాళ్లు, ఒక్కొక్కరితో మూడు గంటలు అనుకోండి. 120 గంటలు. రెండు చానళ్లలో చేసినా 125 జీబీకి లోపలే. దీనికి ఇరవై పాత క్యాసెట్లు కలిపితే ఇంకో 62 జీబీ. మొత్తం 187 జీబీ. ఎడిట్ చేసిన ప్రతులు, ఫోటోలు, రాతప్రతులు అన్నీ కలిపి దానికి రెట్టింపు వేసుకున్నా 400 జీబీ దాటదు. కాబట్టి 1 టీబీ చాలు. వీడియో కూడా తీస్తాం అంటే మాత్రం లెక్క వేరు, అప్పుడు 4 టీబీ వైపు చూడాల.

ఇంకొక మాట. 1 టీబీ అని కొని కంప్యూటరుకు తగిలిస్తే విండోస్‌లో 931 జీబీ అని చూపిస్తుంది. అంగడివాడు మోసం చేసినాడని గొడవకు దిగవద్దు. కంపెనీ వెయ్యితో భాగించి చెప్తుంది, విండోస్ 1024తో భాగించి చూపిస్తుంది. సరుకు అదే, తూకపురాయి వేరు.

చోటు చాలదని ఎంపీ3లో రికార్డు చేయాలనుకునేవాళ్లు ఉన్నారు. వద్దు. ఎంపీ3 మన చెవి పట్టించుకోదని తాను అనుకున్న ధ్వనులను తీసి పారేస్తుంది. పాట వినేదానికి అది పర్వాలేదు. కానీ ఒక అవ్వ 'ళ' పలికిందా 'ల' పలికిందా, 'ణ' ఉందా 'న' అయిపోయిందా, చివరి అచ్చును ఎంత సాగదీసింది అని రేపు ఎవరైనా ప్రాట్ వంటి సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూస్తే, తీసి పారేసినది తిరిగి రాదు. వాట్సాప్ వాయిస్ మెసేజీ ఇంకా ఎక్కువ పిండేసిన ధ్వని. కబురుకు సరే, దస్తావేజుకు కాదు. అసలు ప్రతి వేవ్ ఫైలుగా ఉండాల. చోటు మిగల్చాలంటే ఫ్లాక్ వాడండి, అది ఒక్క బిట్ కూడా పోకుండా కుదిస్తుంది.

వేగం గురించి భయం వద్దు

అంగట్లో ముందుగా చెప్పేది వేగం. "ఇది 7200 ఆర్‌పీఎం సార్, అది 5400 మాత్రమే." మనకు కావలసిన వేగం ఎంత? ఒక మైకుకు సెకనుకు 144 కిలోబైట్లు. ఎనిమిది మైకులు పెట్టి ఒక భజన గోష్ఠి మొత్తం రికార్డు చేసినా సెకనుకు 1.2 ఎంబీ దాటదు. ఈనాటి మామూలు హార్డ్ డిస్క్ వరుసగా రాసేటప్పుడు సెకనుకు నూరు ఎంబీ అటూ ఇటూ సునాయాసంగా రాస్తుంది. సాటా ఎస్‌ఎస్‌డీ 500 ఎంబీ దాటుతుంది. ఎన్‌వీఎంఈ అయితే వేలల్లో. ఒక చెంబు నీళ్లకు కాలువ తవ్వే పని మనకు లేదు.

మరి రికార్డింగు మధ్యలో టిక్కు టిక్కుమని తెగేది ఎందుకు? చాలాసార్లు డిస్క్ వేగం వల్ల కాదు. ఇవి చూసుకోండి.

ఒకటి, డిస్క్ నిద్రపోవడం. పవర్ సెట్టింగ్స్‌లో కొన్ని నిమిషాలకు హార్డ్ డిస్క్ ఆపేయమని ఉంటుంది. మళ్లీ తిరగడం మొదలుపెట్టేదానికి కొన్ని సెకన్లు పడుతుంది. దాన్ని ఆపేయండి.

రెండు, రికార్డు చేస్తున్నప్పుడే వెనకాల డ్రైవ్ నిండా ఫైళ్లు క్లౌడుకు ఎక్కడం, యాంటీవైరస్ గాలించడం. ఆ గంటసేపు వాటిని నిలిపెయ్యండి. ఇంటర్నెట్ కూడా ఆపేస్తే ఇంకా మేలు.

మూడు, ఒకే యూఎస్‌బీ హబ్‌కు మైకు పెట్టె, బయటి డిస్క్ రెండూ తగిలించడం. రెండింటినీ వేర్వేరుగా నేరుగా ల్యాప్‌టాప్‌కే తగిలించండి.

నాలుగు, బయటి డిస్క్ మీదకే నేరుగా రికార్డు చేయడం. మాట్లాడుతూ పెద్దాయన చెయ్యి ఊపితే కేబులు కదిలి ఊడుతుంది, అంతటితో రికార్డింగు గోవింద. రికార్డింగు ల్యాప్‌టాప్ లోపలి డిస్క్ మీదకు చేయండి, ముగిసినాక అక్కడే కూర్చుని బయటి డిస్క్‌కు ప్రతి తీయండి. కాఫీ తాగి లేచేలోపల అయిపోతుంది.

శబ్దం: ఎవరూ అడగని ప్రశ్న

మామూలు హార్డ్ డిస్క్ లోపల పళ్లాలు తిరుగుతుంటాయి. 5400 ఆర్‌పీఎం అంటే నిమిషానికి 5400 చుట్లు, సెకనుకు 90. కాబట్టి దాని గుంయ్‌మనే శబ్దంలో ముఖ్యమైనది 90 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. 7200ది 120 హెర్ట్జ్. ఇప్పుడు మగవాళ్ల గొంతు మూలస్థాయి చూడండి. సుమారుగా 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్య. అంటే డిస్క్ శబ్దం సరిగ్గా తాత గొంతు ఉండే చోటే వచ్చి కూర్చుంటుంది. వడపోసి తీసేయాలంటే గొంతులో కొంత కూడా పోతుంది.

ఆ శబ్దం గాలిలో కన్నా బల్ల ద్వారా ఎక్కువ పాకుతుంది. మైకు, ల్యాప్‌టాప్, హార్డ్ డిస్క్ ఒకే టీపాయి మీద పెట్టడమే దీనికి మూలం. మైకును వేరే స్టూలు మీద, కింద మడత పెట్టిన తువ్వాలు వేసి పెట్టండి. ల్యాప్‌టాప్ లోపల ఎస్‌ఎస్‌డీ ఉంటే ఈ బాధే లేదు, దానిలో తిరిగేది ఏమీ లేదు. రికార్డు చేసే యంత్రంలో ఎస్‌ఎస్‌డీ ఉండాల అని నేను చెప్పేది వేగం కోసం కాదు, ఈ మౌనం కోసం. దెబ్బకు తట్టుకుంటుంది అనేది రెండో కారణం. టౌన్‌బస్సులో, మోటారు సైకిలు మీద గుంతల దారుల్లో పల్లెలకు పోయి వచ్చే వస్తువు కదా.

ఎస్‌ఎస్‌డీ మోజు ఎక్కడ ఆపాల?

అట్లాగని అన్నింటికీ ఎస్‌ఎస్‌డీయే అనుకోవద్దు. దాని గుణం తెలుసుకోవాల.

ఎస్‌ఎస్‌డీ సమాచారాన్ని చిన్న చిన్న గదుల్లో విద్యుత్ ఆవేశంగా దాస్తుంది. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో పడి ఉంటే ఆ ఆవేశం మెల్లగా కారిపోవచ్చు. మామూలు వినియోగదారుల ఎస్‌ఎస్‌డీలకు జెడెక్ అనే ప్రమాణాల సంస్థ పెట్టిన కనీస షరతు ఇది: రాతల గడువు అంతా వాడేసిన డ్రైవ్ కూడా కరెంటు లేకుండా 30 డిగ్రీల వేడిలో ఒక సంవత్సరం సమాచారం నిలపాల. కొత్త డ్రైవ్ అంతకన్నా చాలా ఎక్కువ కాలం నిలుపుతుంది. కానీ వేడి పెరిగేకొద్దీ ఆ కాలం తగ్గుతుంది. మన ఎండాకాలం సంగతి మీకు చెప్పనక్కరలేదు. కాబట్టి ఎస్‌ఎస్‌డీని దినమూ వాడే పెట్టెగా చూడాల, మూసిపెట్టే పెట్టెగా కాదు.

రెండోది, చెడిపోయే తీరు. మామూలు డిస్క్ చాలాసార్లు చెప్పి చెడిపోతుంది. టక్ టక్ మంటుంది, ఫైలు తెరిచేదానికి ఆలస్యం చేస్తుంది. స్మార్ట్ నివేదికలో చెడిన సెక్టార్ల సంఖ్య పెరుగుతుంది. ఆ నివేదికను క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మీరే చూడవచ్చు. ఎస్‌ఎస్‌డీ నిన్న బాగుండి ఈ పొద్దు కనబడకుండా పోగలదు.

మూడోది, అరుగుదల భయం. "ఎస్‌ఎస్‌డీ మీద ఎక్కువ రాస్తే అరిగిపోతుందంట కదా?" అంటారు. నిజమే, కానీ లెక్క చూడండి. 1 టీబీ ఎస్‌ఎస్‌డీలకు కంపెనీలు సాధారణంగా కొన్ని వందల టెరాబైట్ల రాతకు హామీ ఇస్తాయి. 300 టీబీ అనుకున్నా, గంటకు ఒక జీబీ చొప్పున మూడు లక్షల గంటలు. రేయింబగళ్లు ఆపకుండా రికార్డు చేస్తే 34 ఏళ్లు. మన పనికి ఆ భయం లేదు.

మామూలు డిస్క్ కొనేటప్పుడు: పెంకుల ఇల్లు

హార్డ్ డిస్కులలో సీఎంఆర్, ఎస్‌ఎంఆర్ అని రెండు రకాలు. ఎస్‌ఎంఆర్‌లో సమాచారపు గీతలను పెంకుటింటి కప్పులో పెంకుల మాదిరి ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కించి పేరుస్తారు. తక్కువ చోట ఎక్కువ పడుతుంది. కానీ మధ్యలో ఒక పెంకు మార్చాలంటే దాని పక్కవాటిని కూడా లేపి మళ్లీ పేర్చాల కదా, అదే కష్టం ఇక్కడా. పెద్ద మొత్తంలో రాస్తూ, చెరుపుతూ ఉంటే ఉన్నట్టుండి నిదానిస్తుంది.

ఒకసారి రాసి పెట్టి ఊరికే దాచేదానికి ఎస్‌ఎంఆర్ సరిపోతుంది. దినమూ ఎడిట్ చేసే పనికి, నెట్‌వర్క్ పెట్టెలో రెండు మూడు డిస్కులు జోడించే పనికి సీఎంఆర్ కావాల. చేతిలో పట్టే చిన్న బయటి డిస్కులలో ఎక్కువ భాగం ఎస్‌ఎంఆరే. అట్ట మీద రాయకపోవచ్చు. మోడల్ నంబరు పెట్టి కంపెనీ వివరాల పట్టికలో వెతికితే తెలుస్తుంది.

చిన్నవి, అంటే రెండున్నర అంగుళాలవి, యూఎస్‌బీ కరెంటుతోనే నడుస్తాయి. మూడున్నర అంగుళాల పెద్దవాటికి వేరే అడాప్టరు కావాల. కరెంటు పోతే ఆగిపోతాయి. యూపీఎస్ లేని ఇంట్లో చిన్నవే మేలు.

ఎంత చౌక అయితే అంత అనుమానం

ఆన్‌లైనులో "16 టీబీ ఎస్‌ఎస్‌డీ, రెండు వేల రూపాయలు" అని కనిపిస్తుంది. ఆశపడవద్దు. విప్పి చూసినవాళ్లకు లోపల ఒక మెమరీ కార్డు అంటించి ఉండడం కనిపించిన సందర్భాలు చాలా ఉన్నాయి. కంప్యూటరుకు 16 టీబీ అని అబద్ధం చెప్పేటట్టు దాన్ని మార్చి ఉంటారు. ముందు పెట్టిన ఫైళ్లు బాగానే కనిపిస్తాయి. అసలు సామర్థ్యం నిండినాక కొత్త ఫైలు పాతదాని మీద ఎక్కి రెండూ పాడవుతాయి. పేర్లు మాత్రం వరుసగా కనిపిస్తూనే ఉంటాయి.

బ్యాంకులో దొంగ నోటును వెలుగుకు పట్టి చూసినట్టు, కొత్త డిస్క్ ఏదైనా వాడేముందు పరీక్షించాల. హెచ్2టెస్ట్‌డబ్ల్యు అనే ఉచిత సాఫ్ట్‌వేర్, లైనక్స్‌లో అయితే ఎఫ్3, డిస్క్ నిండా రాసి తిరిగి చదివి సరిచూస్తాయి. ఒక రాత్రంతా పట్టవచ్చు. పట్టనివ్వండి. బిల్లు, వారంటీ కార్డు దాచుకోండి. కానీ ఒకటి, వారంటీ డిస్క్‌కే, మీ జేజి గొంతుకు కాదు. చెడిపోతే కొత్త ఖాళీ డిస్క్ ఇస్తారు, అంతే.

ఫార్మాట్: ఒక నిమిషం పని, మరవద్దు

విండోస్ మాత్రమే వాడేవాళ్లు ఎన్‌టీఎఫ్‌ఎస్ పెట్టుకోండి. దానిలో జర్నల్ అని ఒకటి ఉంటుంది. కామర్స్ చదివినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది, మన చిట్టా పుస్తకమే అది. చేయబోయే మార్పును ముందు చిట్టాలో రాసుకుని తరువాత చేస్తుంది. మధ్యలో కరెంటు పోతే చిట్టా చూసి సరిచేసుకుంటుంది.

మ్యాక్, విండోస్ రెండింటికీ తిప్పేవాళ్లకు ఎక్స్‌ఫ్యాట్ కావాల, ఎందుకంటే మ్యాక్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను చదువుతుందే కానీ మామూలుగా దాని మీద రాయదు. అయితే ఎక్స్‌ఫ్యాట్‌కు చిట్టా లేదు. సేఫ్‌గా ఎజెక్ట్ చేయకుండా పీకితే ముప్పు ఎక్కువ.

ఫ్యాట్32 వద్దు. దానిలో ఒక ఫైలు 4 జీబీ మించకూడదు. వేవ్ ఫైలుకు కూడా దాని సొంత హద్దు 4 జీబీనే. 48/24లో రెండు చానళ్లకు అది నాలుగు గంటలు, 96/24లో రెండు గంటలు. నలభై ఐదు నిమిషాలకు ఒకసారి ఆపి కొత్త ఫైలు మొదలుపెట్టడం అలవాటు చేసుకుంటే ఈ హద్దు ఎప్పటికీ తగలదు. పెద్దవాళ్లకు కూడా కొంచెం విశ్రాంతి.

మూడు ప్రతులు, రెండు రకాలు, ఒకటి ఊరి బయట

ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ పేరుతో ప్రచారమైన సూత్రం ఇది. ఏదైనా మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. బ్యాంకులో మాకు ఇది కొత్త కాదు. స్ట్రాంగ్ రూముకు రెండు తాళంచెవులు, ఇద్దరి దగ్గర. ముఖ్యమైన లెక్కలకు వేరే ఊరిలో ఇంకో కేంద్రం. ఒక మనిషి, ఒక గది, ఒక ఊరు, వీటి మీద మొత్తం ఆధారపడకూడదు అనేదే దీని సారం.

మనకు సరిపోయే ఏర్పాటు ఇట్లా ఉంటుంది.

మొదటి ప్రతి: పని చేసే ల్యాప్‌టాప్ ఎస్‌ఎస్‌డీలో.
రెండో ప్రతి: ఇంట్లో బీరువాలో 1 టీబీ లేక 2 టీబీ మామూలు హార్డ్ డిస్క్. ప్రతి రికార్డింగు అయినాక అదే దినం దీనిలోకి.
మూడో ప్రతి: ఇంకొక కంపెనీ హార్డ్ డిస్క్, వేరే ఊరిలో. హోసూరులో బావమరిది ఇల్లో, హైదరాబాదులో కొడుకు ఇల్లో. మూడు నెలలకు ఒకసారి చేరవేయండి. వీలున్నవాళ్లు దీనికి తోడు క్లౌడ్ కూడా పెట్టుకోవచ్చు. డబ్బు కట్టడం ఆగిపోతే అది కూడా ఆగిపోతుందని మాత్రం గుర్తుంచుకోండి.

రెండు డిస్కులు ఒకే కంపెనీ, ఒకే దినం కొన్నవి వద్దు. ఒకే బ్యాచ్‌లో లోపముంటే రెండూ ఒకేసారి పోవచ్చు. ఒక పెద్ద 4 టీబీ కొనే డబ్బుకు రెండు చిన్నవి కొనడం మన పనికి ఎప్పుడూ మేలు.

పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు మోసేదానికే, దాచేదానికి కాదు. ఫోను కూడా అంతే. నాకు తెలిసిన ఒకాయన, వాళ్ల అవ్వ పాడిన దంపుళ్ల పాటలు ఫోనులో మాత్రమే పెట్టుకున్నాడు. ఫోను బస్సులో పోయింది. అవ్వ అంతకు ముందు ఏడాదే పోయింది. పోలీసు కంప్లయింటు ఇచ్చినాడు. కొత్త ఫోనూ వచ్చింది. పాటలు ఎవరిస్తారు?

దినం చివర లెక్క సరిపోవాల

ప్రతి తీసినంత మాత్రాన ప్రతి ఉందని కాదు. మేము కౌంటరు మూసినాక క్యాషు, పుస్తకం సరిచూడకుండా ఇంటికి పోయేవాళ్లం కాదు. ఫైళ్లకు కూడా అట్లాంటి సరిచూపు ఉంది. చెక్‌సమ్ అంటారు. ఫైలులోని బిట్లన్నింటి నుంచి లెక్కగట్టిన ఒక సంఖ్య. ఒక్క బిట్ మారినా ఆ సంఖ్య మారిపోతుంది. అసలు ఫైలు సంఖ్య, ప్రతి సంఖ్య ఒకటే అయితే నిశ్చింత. టెరాకాపీ వంటి సాఫ్ట్‌వేర్‌లో "వెరిఫై" అని టిక్కు పెడితే ప్రతి తీస్తూనే ఈ పని చేస్తుంది. షా-256 సంఖ్యలను ఒక ఫైలులో దాచి పెట్టండి. ఆరు నెలలకు ఒకసారి బీరువా డిస్క్ తీసి, తగిలించి, మళ్లీ సరిచూడండి. తిరిగే డిస్క్‌ను అప్పుడప్పుడు తిప్పడం కూడా దానికి మంచిదే.

దీనితో పాటు ఒక నోటు పుస్తకం. ఫైలు పేరు ఊరు, తేదీ, వరుస సంఖ్యతో ఉండాల. తేదీ ఏడాది, నెల, దినం క్రమంలో, ఉదాహరణకు 2024-03-17 అని రాస్తే ఫైళ్లు వాటంతట అవే వరుసలో నిలుస్తాయి. పుస్తకంలో మాట్లాడినవారి పేరు, వయసు, పుట్టిన ఊరు, మెట్టిన ఊరు, ఇంట్లో మాట్లాడే ఇతర భాషలు, రికార్డు చేసేదానికి, నలుగురికి వినిపించేదానికి వారు ఒప్పుకున్నారా లేదా అనేవి రాయండి. ఆడవాళ్లకు పుట్టిన ఊరు తప్పకుండా అడగాల. వాళ్ల మాట చాలాసార్లు పుట్టింటి యాస, మెట్టినింటిది కాదు. ఈ వివరం లేకపోతే డిస్క్‌లో గొంతు ఉంటుంది, అది ఏ ఊరి తెలుగో చెప్పేవాళ్లు ఉండరు. ఆ నోటు పుస్తకం ఫోటోలు కూడా అదే డిస్క్‌లో పెట్టండి.

వేడి, తేమ, తరుగుదల

డిస్క్‌ను కారు డ్యాష్‌బోర్డు మీద, కిటికీ పక్కన, దేవుడి గూట్లో దీపం దగ్గర పెట్టవద్దు. అసలు డబ్బాలో, ఒక సిలికా జెల్ పొట్లంతో, అందరికీ కనబడే చీటీ అంటించి పెట్టండి. చీటీ మీద "ఇంట్లో పెద్దల గొంతులు, చెరపవద్దు" అని తమిళంలో కూడా రాయండి. మన తరువాత బీరువా సర్దేవాళ్లకు తెలుగు చదవడం రాకపోవచ్చు.

ఆదాయపు పన్ను లెక్కల్లో కంప్యూటరుకు ఏడాదికి 40 శాతం తరుగుదల వేస్తారు. వెయ్యి రూపాయల వస్తువు మూడేళ్లకు 216 రూపాయలు. మన డిస్క్‌ను కూడా ఆ కంటితోనే చూడండి. అయిదేళ్లు దాటినదాన్ని బాగానే ఉన్నా పక్కకు పెట్టి, సమాచారం కొత్తదానికి మార్చండి. పాతదాన్ని నాలుగో ప్రతిగా ఉంచుకోండి. డిస్క్ ఖర్చు ఒక్కసారిది కాదు, అయిదేళ్లకు ఒకసారి వచ్చేది అనుకుని ముందే కొంచెం తీసిపెట్టుకుంటే భారం తెలియదు.

అంగడికి పోయేముందు

తక్కువ మాటల్లో చెప్పాలంటే ఇదీ జాబితా. రికార్డు చేసే ల్యాప్‌టాప్‌లో ఎస్‌ఎస్‌డీ, 256 జీబీ ఉన్నా చాలు. రెండు వేర్వేరు కంపెనీల చిన్న బయటి హార్డ్ డిస్కులు, ఒక్కొక్కటి 1 టీబీ, వీడియో ఉంటే 4 టీబీ. యూఎస్‌బీ 3 కేబులు ఒకటి అదనంగా. కొన్న రాత్రే నిండా రాసి పరీక్ష. 48/24 వేవ్. అదే దినం రెండో ప్రతి, సరిచూపుతో. మూడు నెలలకు ఒకసారి ఊరి బయటికి మూడోది.

డిస్క్ కొనేదాకా రికార్డింగు ఆపి కూర్చోవద్దు. ఉన్న ల్యాప్‌టాప్‌లో ఖాళీ చూసుకుని ఈ ఆదివారమే మొదలుపెట్టండి. మీ ఊర్లో అందరికన్నా పెద్దవారు ఎవరో వారితోనే మొదలుపెట్టండి. కపిల తోలినవాళ్లు ఉంటే ఆ పాటలు, ఎద్దులను అదిలించే మాటలు తప్పకుండా అడగండి. మీ కంప్యూటరు మోడల్, ఉన్న డిస్క్ వివరాలు రాస్తే ఏది సరిపోతుందో నాకు తెలిసినంత మేరకు చెప్తాను.